కవి తలచినది, చదువరి తెలిసికొన్నది
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఒక గ్రామమున గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపు మూయక నడచుట సామాన్యమైన విషయము కాదు. చందాలు వసూలు చేసి పుస్తకములు కొని బీరువాలో చేర్చుట ఒక యెత్తు. ఆ పుస్తకములు బీరువా వెడలి, ఇండ్లకు పోయి, చేతులు మారి, అంచులు నలిగి, అట్టలూడి, మరల బీరువాకు చేరుట మఱియొక యెత్తు. పుస్తకము లిచ్చిన పట్టీలో ఒకే నవలకు ఎదురుగ ఇరువది పేరులు కనబడినప్పుడు, ఆ నవల ఇరువదిసార్లు చదువబడినదని లెక్క తేలును. కాని అది యొకేవిధముగ ఇరువదిసార్లు చదువబడినదో, ఇరువది విధములుగ చదువబడినదో ఆ పట్టీ చెప్పజాలదు. దానిని చెప్పునవి గ్రంథాలయపు టరుగులు.

ఆ యరుగులమీద చిరకాలముగ వినబడుచున్న వివాద మొకటి కలదు. ఒక చదువరి తనకు తోచిన అర్థము చెప్పును. రెండవవాడు, “రచయిత ఉద్దేశ మది కాదు” అని యాక్షేపించును. మొదటివాడు, “ఆయన ఉద్దేశ మేదైన నగుగాక, పుస్తకము చదివినది నేను గదా” అని బదులు చెప్పును. కథయందు అర్థము నిర్ణయించు నధికారము వ్రాసినవానిదా, చదివినవానిదా? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము. ఇది పండితుల గోష్ఠికి మాత్రమే చెందిన సూక్ష్మవిషయ మనుకొనరాదు. ఈ ప్రశ్నకు చెప్పుకొను సమాధానమును బట్టి ఒక పుస్తకము చదువరి యింటి గడప దాటి లోపలికి వచ్చునో, వీధియందే నిలిచిపోవునో తేలును.

ముందుగ పూర్వుల మాట విచారింపదగును. రసము నాస్వాదించువాడు ప్రేక్షకుడని నాట్యశాస్త్రకారుల కాలమునుండియు చెప్పుచునే యున్నారు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమందు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమును రచించి, కావ్యమందలి పదములు పైకి చెప్పు అర్థము వేరనియు, వాటి వెనుక స్ఫురించు అర్థము వేరనియు, ఈ రెండవదియే కావ్యమునకు ప్రాణమనియు స్థాపించినాడు. ఆ రెండవ అర్థము ఎవరికి స్ఫురించును? సహృదయునకు. వ్యాకరణము, నిఘంటువు తెలిసినంత మాత్రమున అది లభింపదు. కవి హృదయముతో తన హృదయమును కలుపగలవానికే లభించును. కావున చదువరికి కావ్యమందు భాగమున్నదను మాట నిన్న మొన్న పాశ్చాత్యదేశములనుండి దిగుమతి యైనది కాదు. వేయి సంవత్సరములకు పైగా ఈ దేశమున నున్నదే.

అయితే భాగమున్నదనగా సర్వము తనదే యని కాదు. తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పినారు. గ్రంథము ఎట్లు మొదలై ఎట్లు ముగిసినది అనునది మొదటిది. దీనికి ఉపక్రమోపసంహారములని పేరు. ఏ మాట మరల మరల వచ్చుచున్నది అనునది అభ్యాసము. ఇతరత్ర దొరకని క్రొత్త విషయ మేమి అనునది అపూర్వత. తుదకు కలుగు ప్రయోజనము ఫలము. పొగడ్త, తెగడ్తలుగ వచ్చు మాటలు అర్థవాదము. యుక్తి చేత పొసగుట ఉపపత్తి. ఈ ఆరింటిలో ఏ యొక్కటియు గ్రంథకర్తను ఇంటికి పోయి అడిగి రమ్మని చెప్పదు. అన్నియు గ్రంథమునందే వెదకుమని చెప్పును. అట్లే, చదువరి తన ఇష్టమువచ్చినట్లు చెప్పవచ్చుననియు ఇవి యంగీకరింపవు. తెలుగుదేశము కన్న మహావ్యాఖ్యాత మల్లినాథసూరి కాళిదాసునకు వ్యాఖ్యానము వ్రాయబూనుచు, ఆధారము లేనిదేదియు వ్రాయననియు, అవసరము లేనిదేదియు చెప్పననియు నియమము పెట్టుకొన్నాడు. చదువరి కింతకంటె మంచి నియమము లేదు.

ఇది పంటకాలువల ప్రాంతమువారికి బాగుగ తెలిసిన వ్యవహారమే. తండ్రి వీలునామా వ్రాసి కాలము చేసినాడనుకొనుడు. దాని యర్థముమీద కుమారులకు వివాదము వచ్చినది. పెద్దవాడు, “నాన్నగారి మనస్సులో నున్నది ఇది” యనును. చిన్నవాడు, “నాకు న్యాయముగ తోచునది ఇది” యనును. న్యాయాధికారి ఇద్దరిని విని, కాగితము చేతికి తీసికొని, ఆ మాటలలోనుండియే తండ్రి యుద్దేశమును వెదకును. మాటలకు వెలుపల నున్న ఉద్దేశమునకు ఋజువు లేదు. మాటలకు విరుద్ధమైన కోరికకు చెల్లుబడి లేదు. కథకును వీలునామాకును భేదమున్నది. వీలునామా ఒక్క అర్థమే కోరును, కథ పెక్కింటికి చోటిచ్చును. కాని రెండింటికిని హద్దులు మాత్రము పత్రమందే యున్నవి.

తెలుగు సాహిత్యము పుట్టుకయే ఒక పఠనమునుండి యని గుర్తుంచుకొనవలెను. వ్యాసుని భారతమును చదివినవారు నన్నయ, తిక్కన, ఎఱ్ఱనలు. వారు చదివిన విధమే తెలుగువారికి భారతమైనది. యుద్ధభూమిలో శ్రీకృష్ణుడు చేసిన గీతోపదేశమును తిక్కన కొలది పద్యములలో సంక్షేపించి కథను ముందుకు నడిపినాడు. అది వ్యాసుని యుద్దేశమునకు ద్రోహమని యెవరు ననలేదు. ఏలయనగా తిక్కన మూలమును పూర్తిగ చదివినవాడు. తెలిసి తగ్గించుట వేరు, తెలియక విడుచుట వేరు.

ఇంతవరకు ప్రాచీనుల మాట. ఇక ఈ వివాదమునకు తెలుగున అన్నింటికంటె గొప్ప నిదర్శనము గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. అది నాటకమైనను ఊరూర నవలవలె చదువబడినది గనుక ఇచట ప్రస్తావించుట తప్పుకాదు. ఈ నాటకము 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడినది. 1897లో అచ్చైనది. గ్రంథకర్త తన యుద్దేశమును దాచలేదు. తొలికూర్పు పీఠికయందే దానిని తెలిపినాడు. సంఘసంస్కరణమునకు తోడ్పడుట యొకటి. తెలుగుభాష రంగస్థలమునకు పనికిరాదను అపోహను తొలగించుట రెండవది.

ఆ పీఠికలో ఒక లెక్కయు నున్నది. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహముల పట్టిక తయారు చేయించినాడు. తేలిన సంఖ్య 1034. సగటున ఏటికి 344. శుల్కము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనుటకు ఎవరు నిష్టపడరు గనుక అది పూర్తి లెక్క కూడ కాదు. ఆ పట్టికలో 5 ఏండ్ల బాలికలు 99 మంది, 4 ఏండ్లవారు 44, 3 ఏండ్లవారు 36, 2 ఏండ్లవారు 6, ఏడాది శిశువులు ముగ్గురు. ఆ శిశువుల వెల 350 రూపాయలు మొదలు 400 వరకు. పంటభూముల లెక్కలు, శిస్తు లెక్కలు చూచి యలవాటుపడిన కన్నులకు కూడ ఈ లెక్క చూచుట దుర్భరము.

గ్రంథకర్త యుద్దేశమే గ్రంథమునకు సర్వస్వమైనచో ఆ పట్టిక చాలును. నాటకమెందుకు? పట్టికలో 1034 వివాహములున్నవి. గిరీశము లేడు, మధురవాణి లేదు, కరటకశాస్త్రి లేడు, బుచ్చమ్మ కన్నీరు లేదు. ఉద్దేశము విత్తనమువంటిది. విత్తనమును చూచి టెంకాయ చెట్టెక్కలేము. పైగా ఆ యుద్దేశము గ్రంథకర్తయందే మారినది. 1909లో గురజాడవారు ఈ నాటకమును మరల వ్రాసి ప్రకటించినప్పుడు అది ఎంతో పెరిగినది. తొలికూర్పునకంటె మధురవాణి పాత్ర విస్తరించినది. గ్రంథకర్త తన గ్రంథమును తానే పండ్రెండేండ్లపాటు చదువుకొని, మొదట తనకే తెలియని అర్థములను అందు కనుగొన్నాడనవలెను. “గురజాడ ఉద్దేశము” అనువారు 1892 నాటి గురజాడను చెప్పుచున్నారా, 1909 నాటి గురజాడను చెప్పుచున్నారా?

ఇట్లనుటచేత చదువరి గెలిచినాడని తొందరపడరాదు. ఈ నాటకము చదివినవారిలో పెక్కుమందికి గిరీశమే నాయకుడు. అతని ఇంగ్లీషు ముక్కలకు, చుట్టలమీది యుపన్యాసములకు, గురువై శిష్యుని చెడగొట్టు నేర్పునకు ముగ్ధులై, అతనిని ప్రేమించి, అతని మాటలు కంఠస్థము చేసి, నాటకమంతయు అతని విజయమని చెప్పువా రున్నారు. మఱికొందరు సంస్కర్తలందరు గిరీశమువంటి వారే యని నాటకము సారాంశము తీయుదురు. ఇదియు చదువరి స్వాతంత్ర్యమేనా?

మీమాంసకుల యారు గుర్తులను పట్టి చూడవలెను. ఉపక్రమమున గిరీశము పూటకూళ్లమ్మ సొమ్ము వాడుకొని, మొగము చాటుచేసి, ఊరు విడుచుటకు దారి వెదకుకొనుచుండును. ఉపసంహారమున సౌజన్యారావు పంతులు ఎదుట అతని గుట్టు బయటపడును. బుచ్చమ్మ అతని చేతినుండి తప్పి పూనాలోని విధవాశ్రమమునకు పోవు నేర్పాటగును. మొదలును తుదయు ఒకే మాట చెప్పుచున్నవి. అభ్యాస మేమి? బేరము. సుబ్బికి బేరము, ఆడపిల్ల వేషము వేసిన శిష్యునకు బేరము, కంటెకు బేరము, సాక్ష్యమునకు బేరము. రంగమంతయు సంతయే. అపూర్వత యెక్కడ? వెలయాలు మధురవాణి చిక్కులన్నియు విప్పుటయందు. అందరిచేతను కొనబడు వస్తువుగ చూడబడినది ఆమె. ఒక పసిదానిని అమ్ముడుపోకుండ కాపాడుటకు నడుము కట్టినదియు ఆమెయే. పెద్దమనుష్యులు చేయనిది ఆమె చేసినది. ఫల మేమి? సుబ్బి పెండ్లి తప్పుట. ఉపపత్తి యేమి? లేని పెండ్లికూతురును చంపినాడను నేరముపై లుబ్ధావధానులు చిక్కుకొనుట. సొమ్మిచ్చి మనుష్యులను కొనువాడు తాను కొన్నది ఏమో కూడ తెలియనివాడగు ననుటకు ఇంతకంటె యుక్తి యేల? ఇక గిరీశము చేయు వితంతువివాహోపన్యాసములన్నియు అర్థవాదములు. అర్థవాదమును తాత్పర్యముగ గ్రహించుట శాస్త్రము తెలియనివాని పొరపాటు. సంస్కరణము చెడ్డదని నాటకము చెప్పలేదు. మాటకు నడవడి లేనివాని నోట ఎంత మంచిదియు ఎట్లు వెలపడునో చెప్పినది.

ఇట్లు చదివిన చదువరి గ్రంథకర్తను అడుగలేదు. అయినను గ్రంథకర్తకు దూరము పోలేదు. గిరీశమును చూచి నవ్వుట తప్పు కాదు. ఆ నవ్వును గ్రంథకర్తయే కోరినాడు. నవ్వి యచటనే నిలిచిపోవుట తప్పు. నవ్వినవారిలో తానును ఒకడు గనుక, అట్టి మాటకారికి ఊరు లోబడుట ఎంత సులభమో తన నవ్వును బట్టియే తెలిసికొనవలెను.

ఇక అసలు సంగతి. శుల్కమిచ్చి కన్యను కొను నాచారము నేడు లేదు. గ్రంథకర్త యుద్దేశము అదొక్కటే యైనచో నాటకము పని తీరిపోయినది. బీరువా అడుగున పెట్టి తాళము వేయవచ్చును. కాని కన్యకు వెల పోయి వరునకు వెల వచ్చినది. కాకినాడలో కాళ్లకూరి నారాయణరావుగారు ఈ మార్పును చూచి వరవిక్రయము రచించినారు. అది 1939లో చలనచిత్రముగ కూడ వచ్చినది. కన్యాశుల్కము చదివిన తెలుగువాడు దానిని తిరగవేసి వ్రాసిన సమాధానమువలె ఆ నాటక మగపడును. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినది. శాసనము వచ్చిన 60 ఏండ్లు దాటినను పచ్చని తోటలు, పల్లపు చేలు, పట్టణములలో ఇంటిస్థలములు పెండ్లిమాటలలో ఇంకను కొలవబడుచునే యున్నవి.

ఇచట రెండు విధములగు చదువరులు కనబడుదురు. మొదటివాడు, “గురజాడవారు వ్రాసినది కన్యాశుల్కమును గూర్చి. అది యానాటి సంగతి. కట్నమునకును దీనికిని సంబంధము లేదు” అని గ్రంథకర్త యుద్దేశము చాటున దాగుకొనును. రెండవవాడు, “నాకు గిరీశమే యిష్టము. నా యిష్టము నాది” అని చదువరి స్వాతంత్ర్యము చాటున దాగుకొనును. ఇద్దరును ఒకే పని చేయుచున్నారు. పుస్తకము తమ యింటికి రాకుండ తలుపు మూసికొనుచున్నారు. లుబ్ధావధానులను చూచి కడుపుబ్బ నవ్వి, ఆ సాయంకాలమే కుమారుని పెండ్లికి ఎకరములు లెక్కపెట్టువాడు ఆ నాటకమును చదువలేదు. అక్షరములను మాత్రము చూచినాడు. ఉద్దేశమా, వ్యాఖ్యానమా యను తగవునకు కొలతరాయి ఇదియే. పుస్తకమందలి మాటలన్నింటికి లెక్క చెప్పునదియు, చదివినవానిని కూడ ఆ లెక్కలో చేర్చునదియు మంచి పఠనము. ఒకటి రెండు మాటలు పట్టుకొని మిగిలినవి విడుచునది, చదువరిని మాత్రము నిర్దోషిగ వెలుపల నిలుపునది చెడ్డ పఠనము.

చదువరి తన యనుభవమును తెచ్చి కథకు చేర్చుట దోషమా? పాలగుమ్మి పద్మరాజుగారి గాలివాన కథకు 1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడపిన ప్రపంచ కథల పోటీయందు రెండవ బహుమతి లభించినది. నియమముల నడుమ జీవితమును భద్రముగ సర్దుకొన్న రావుగారను పెద్దమనిషి, రైలులో బిచ్చమెత్తు స్త్రీ, ఒక రాత్రి గాలివాన, ఇంతియే కథాసామగ్రి. ఆ గాలిలో రావుగారి సిద్ధాంతము లెగిరిపోవును. కథ వ్రాయబడిన నలువది యేండ్లకు పైబడి, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై తుపాను విరుచుకుపడినది. టెంకాయ తోటలు నేలమట్టమైనవి. వేయిమందికి పైగా జనము మరణించిరి. ఆ రాత్రి పొరుగువారి గోడ నానుకొని, ఎవరి చేతిని పట్టుకొన్నారో చీకటిలో తెలియక తెల్లవారువరకు గడపినవారు ఈ కథను చదివినచో వారికి తోచు అర్థము పద్మరాజుగారు తలచినదే యగునా? కాకపోవచ్చును. 1952 నాటి రచయిత 1996 నాటి రాత్రిని తలపలేడు. అయినను ఆ యర్థము కథకు వెలుపలిది కాదు. కులము, గౌరవము, నియమము అన్నియు గాలి ముందు నిలువవనుట కథలోనే యున్నది. చదువరి క్రొత్తగ తెచ్చినది సాక్ష్యము. గౌతమి, వసిష్ఠ పాయలు ఒకచోట లంకను కోసి వేరొకచోట మేట వేయును. మేట వేసిన భూమియు ఆ గోదావరి తెచ్చిన మన్నే. అనుభవముగల చదువరి చేర్చిన అర్థమట్టిది.

చదువరి యధికారము ప్రమాదకరముగ మారు సందర్భమొకటి కలదు. ఒక్క చదువరి చేతిలో అధికారముండి, తనకు తోచిన యర్థమే రచయిత యుద్దేశమని అతడు శాసించినప్పుడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలయందుండి రచించిన మాలపల్లి నవల 1922లో వెలువడినది. మాలపల్లెలోని రామదాసు కుటుంబము, వారి భక్తి, వారి కష్టము, సంగదాసు మరణము అందలి కథ. ఆనాటి మదరాసు ప్రభుత్వము దానియందు రాజద్రోహమును చదివి నిషేధించినది. నవల నిషేధమునుండి బయటపడుచు మరల నిషేధమునకు లోనగుచు నలిగినది. తుదకు 1937లో రాజాజీ మంత్రివర్గము వచ్చిన పిమ్మట నిషేధము తొలగినది. ప్రభుత్వము చేసినదియు ఒక వ్యాఖ్యానమే. కాని తక్కిన వ్యాఖ్యానముల నోరు మూయించిన వ్యాఖ్యానము. అరుగుమీద పదిమంది పదివిధములుగ చెప్పుకొనుచుండగ ఒకడు తప్పు చదివినను పుస్తకమునకు హాని లేదు. తొమ్మండుగురు సరిదిద్దుదురు. పది నోళ్లను మూసి ఒక్కడే చదివినచో, ఆ యొక్కడు ఎంత పండితుడైనను హానియే.

మాలపల్లి విషయమున మఱియొక్క మాట చెప్పక తీరదు. ఆ నవల ఎవరి బ్రదుకును చెప్పినదో వారిలో ఆనాడు చదువగలిగినవారు స్వల్పము. పెక్కు గ్రామములలో వారికి పఠనమందిరపు మెట్లెక్కు వీలే లేదు. కావున చాలకాలము ఆ కథకు అర్థము చెప్పినవారు ఆ బ్రదుకు బ్రదికినవారు కారు. రాజోలు ప్రాంతమున మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్నగారు పాలేరు నాటకము వ్రాసినారు. పొలముపని చేయు బాలుడు చదువుకొని అధికారి యగుట అందలి విషయము. ఆ నాటకము చూచి తమ బిడ్డలను పశువుల వెంట కాక బడికి పంపిన తలిదండ్రులున్నారని చెప్పుకొందురు. ఒకే నాటకము భూస్వామికి ఒక హెచ్చరిక, పాలేరునకు ఒక దారి. ఈ రెండర్థములలో ఏది సరియైనదని యడుగుట వ్యర్థము. నాటకమున రెండును ఉన్నవి. కూర్చున్న చోటును బట్టి ఒకటి ముందు కనబడును. అందుచేతనే చదువరుల సంఖ్య పెరుగుట మాత్రమే కాక, చదువరులు అన్ని పేటలనుండియు వచ్చుట గ్రంథాలయమునకు ముఖ్యము. ఒక్క వీథివారే చదివిన పుస్తకమునకు ఒక్క వీథి యర్థమే మిగులును.

కొందరు చదువరులకు వేరొక యలవాటు కలదు. కథ కల్పనమని మరచి అందలి మనుష్యులను ఊరిలో వెదకుట. అడివి బాపిరాజుగారి నారాయణరావు నవలలో నాయకుని స్వగ్రామము కొత్తపేట. ఊరిపేరు నిజమైనది గనుక ఆ యిల్లేది, ఆ కుటుంబమేది యని విచారించుట ఈ ప్రాంతమువారికి సహజము. కాని దొరికినదనుకొన్న క్షణమున నవల చిన్నదై పోవును. నారాయణరావు ఒక యింటివాడైనచో ఆ యింటివారికే చుట్టము. ఏ యింటివాడు కాకున్నచో చదివిన ప్రతి యింటికి చుట్టము. ఇదే నవలయు, విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలును 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ బహుమతిని పంచుకొన్నవి. క్రొత్తకాలమును చేయి చాచి పిలిచిన నవల యొకటి, పాతకాలము కూలుటను చూచి దుఃఖించిన నవల యొకటి. వేయిపడగలును చదివి, పోయిన ధర్మమునకు కంట తడి పెట్టువారున్నారు. అదే పుస్తకము చదివి, ఆ వ్యవస్థ ఏల కూలినదో కారణములు అందే యున్నవని చూపువారును ఉన్నారు. విశ్వనాథవారు రెండవవారితో ఏకీభవింపక పోవచ్చును. కాని తమ పుస్తకమును తుదివరకు శ్రద్ధగ చదివిన విరోధిని ఏ గొప్ప రచయితయు తిరస్కరింపడు. సగము చదివి పొగడువానికంటె అట్టివాడే మేలు.

కావున గ్రంథాలయ సభ్యులు పాటింపదగిన నియమములు కొన్ని మాత్రము చెప్పి ముగించుట యుచితము. పుస్తకమును తుదివరకు చదువనిదే దాని యర్థము చెప్పరాదు. ఒక పాత్ర పలికిన మాటను రచయిత మాటగ చెప్పరాదు. తనకు తోచిన యర్థమునకు పుట చూపగలిగియుండవలెను. చూపలేనిచో అది తన యూహయని యొప్పుకొనవలెను. రచయిత పీఠికను గౌరవముతో చదువవలెను గాని పీఠిక చదివి పుస్తకము చదివితి ననుకొనరాదు. తనకంటె భిన్నమైన బ్రదుకు బ్రదికినవాడు అదే పుస్తకమునకు వేరర్థము చెప్పినప్పుడు, వాదించుటకు ముందు ఒక్కసారి ఆ పుటను మరల తీసి చూడవలెను. అన్నింటికంటె ముఖ్యముగ, పుస్తకమందలి చెడుగును చూచినప్పుడు అది పొరుగింటిదని వెంటనే నిశ్చయింపరాదు.

కవి తలచినది ఒకసారి వ్రాయబడి నిలుచును. చదువరి తెలిసికొనవలసినది తరతరమున క్రొత్తగ మొదలగును. ఈ రెండింటి నడుమ గ్రామమున నున్న చోటు గ్రంథాలయము. రచయిత వచ్చి కూర్చుండలేని యరుగు మీద ఆయన పక్షమున మాటలాడునది ఆయన పుస్తకమే గనుక, దానిని బీరువాలో భద్రపరచుట కంటె చేతులకిచ్చుట మేలైన రక్షణము. ఈ 25 ఏండ్లుగ ఆ పని చేసిన కార్యకర్తలకు, పుస్తకములు తీసికొని తిరిగి తెచ్చియిచ్చిన చందాదారులకు, తీసికొని ఇంకను తెచ్చియియ్యనివారికి కూడ, శుభము కలుగుగాక. తెచ్చియియ్యనివారు ఈ రజతోత్సవ సంవత్సరమున తెచ్చియిచ్చినచో వాటికై ఎదురుచూచు చదువరులు కలరు. స్వర్ణోత్సవమునాటికి ఈ గ్రంథాలయము అన్ని పేటల బాలబాలికలకు నిండు చదువుల యిల్లై వర్ధిల్లుగాక.

స్వస్తి.